ఈవెంట్స్‌కి బలం కావాలా? రోజూ కాదు, రోజు విడిచి రోజు!

ప్రిలిమ్స్ రిజల్ట్ వచ్చిన మర్నాడే గ్రౌండ్ నిండిపోతుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి రౌండ్లు కొట్టడం, సాయంత్రం జిమ్‌లో కనిపించిన బరువల్లా ఎత్తడం. రెండు వారాలు తిరక్కుండానే మోకాలి కింద ముందు ఎముక దగ్గర నొప్పి, పరుగు బంద్. పోలీసు ఉద్యోగానికి ప్రిపేరయ్యే మీ రూమ్మేట్స్‌లో ఒకరికైనా ఇలా జరిగే ఉంటుంది.

తెలంగాణ 2022 నోటిఫికేషన్‌నే చూడండి. అబ్బాయిలకి 1600 మీటర్ల పరుగు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్‌జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు. అమ్మాయిలకి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, జంప్ 2.5 మీటర్లు, 4 కిలోల షాట్‌పుట్ 4 మీటర్లు. మాజీ సైనికుల లెక్క వేరు. పరుగుకి దమ్ము కావాలి, సరే. మిగతా రెండూ క్షణాల్లో అయిపోయేవి. అక్కడ పని చేసేది బలమే. పొద్దున్నే ఎన్ని రౌండ్లు కొట్టినా ఆ బలం రాదు.

మరి ఎంత బరువు ఎత్తాలి? దీనికి దారి చూపింది థామస్ డెలార్మ్ అనే అమెరికా ఆర్మీ డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల కాళ్లకి ఆయన బరువులతోనే వ్యాయామం చేయించాడు, బరువును కొద్దికొద్దిగా పెంచుతూ పోయాడు. పదిసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువును లెక్కగా పెట్టుకుని అందులో సగంతో ఒక సెట్, ముప్పావుతో ఒకటి, పూర్తి బరువుతో ఒకటి. జిమ్‌లో ఇప్పటికీ వినిపించే ‘మూడు సెట్లు, పది రెప్స్’ ఆ కాలం నాటిదే. మీరూ అంతే. పది రెప్స్ తేలిగ్గా వస్తున్నాయంటే తర్వాతిసారి కిలో, రెండు కిలోలు పెంచండి. యాప్‌ల గురించి రాసేవాణ్నే అయినా చెప్తున్నా, దీనికి యాప్ అక్కర్లేదు. రఫ్ నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు. జిమ్ ఫీజు కష్టమైతే పాలిటీ, అరిథ్‌మెటిక్ పుస్తకాలు బ్యాగ్‌లో నింపి, అది వీపున వేసుకుని స్క్వాట్స్ తీయండి. ఒక్కో వారం ఒక్కో పుస్తకం ఎక్కువ!

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మొదటి కొన్ని వారాల్లో కండ పెద్దగా పెరగకుండానే బలం పెరుగుతుంది. నరాలు ఎక్కువ కండర తంతువుల్ని ఒకేసారి పనిలోకి దింపడం నేర్చుకుంటాయి. ఎముకలు, స్నాయువులు గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది. బలం వచ్చేసింది కదా అని పరుగు, బరువు ఒకేసారి రెట్టింపు చేస్తే ముందు దెబ్బతినేవి అవే. ఎముక మీద ఒకేచోట వేలితో నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి వస్తోందా? స్ప్రే కొట్టుకుని పరిగెత్తకుండా డాక్టర్‌ని కలవండి.

వ్యాయామం చేశాక ఒకటి రెండు రోజుల పాటు కండరం తనను తాను బాగుచేసుకుంటుంది. అందుకే వారానికి మూడు రోజులు బరువులు, మధ్యలో పరుగు. రాత్రి రెండింటి దాకా మాక్ టెస్టులు రాసి నాలుగింటికి గ్రౌండ్‌కి వెళ్తే ఆ రిపేర్ ఎప్పుడు జరగాలి? సెట్‌కీ సెట్‌కీ మధ్య కూడా రెండు మూడు నిమిషాలు ఆగాలి. క్షణాల్లో చేసే బరువు పనికి కండరం వాడే తక్షణ ఇంధనం పది సెకన్ల లోపే చాలావరకు తగ్గిపోతుంది, మళ్లీ నిండటానికి ఆ టైమ్ కావాలి. ఖాళీగా కూర్చున్నావని ఎవరన్నా వెక్కిరిస్తే నవ్వేయండి.

ఇంకోటి, అద్దంలో బైసెప్స్ చూసుకుంటే షాట్‌పుట్ ఎగరదు. ఆ తోపు కాళ్లలో మొదలై, నడుం మీదుగా భుజానికి వస్తుంది. కాబట్టి స్క్వాట్స్, లంజెస్, పుషప్స్, తలపైకి బరువెత్తడం ముందు పెట్టుకోండి. తిండి విషయంలో హాస్టల్ పప్పు, పెరుగు, శనగలు, రెండు కోడిగుడ్లతో చాలా దూరం వెళ్లొచ్చు. డబ్బాల ప్రొటీన్ పౌడర్ తప్పనిసరేం కాదు.

ఈవెంట్స్‌కి వారం ముందు సెట్లు సగానికి తగ్గించండి. చివరి మూడు రోజులు కాళ్లకి బరువులు పూర్తిగా ఆపేయండి. ఆ కొద్ది రోజుల్లో కొత్త బలమేమీ రాదు, పేరుకున్న అలసట మాత్రం దిగుతుంది.