అస్ర్ తరువాతి గంట

మా కుటుంబంలో ఎవరూ వ్రాసి పెట్టని నియమమొకటి ఉంది. అస్ర్ నమాజు ముగిసినది మొదలు మగ్రిబ్ అజాన్ వినబడేంతవరకు ఫుప్పీని ఎవరూ పిలువరాదు. ఆమె ఈ మాట ఏనాడూ పైకి అనలేదు. ఆ వేళకు ఒక చేత టీ గ్లాసు, మరొక చేత దారపు సంచి పట్టుకొని డాబా మెట్లెక్కిపోయేవారు. క్రిందినుండి పిలిస్తే పలికేవారు కారు. కొన్నేళ్లు పిలిచి పిలిచి చివరకు మేమే మానుకున్నాము.

మేమంటే ఆమె తమ్ముళ్ల పిల్లలం, ఏడుగురం. మా వేసవి సెలవులన్నీ కర్నూలు పాతబస్తీలోని ఆమె ఇంటనే గడిచేవి. ఫజ్ర్‌కు లేచినది మొదలు ఆ ఇంటిలో ఆమెకు కూర్చునే తీరిక ఉండేది కాదు. అత్తగారి మందులు, మామగారి పథ్యం, ఇద్దరు కొడుకుల బడి, బియ్యపు దుకాణం నుండి మధ్యాహ్నం భోజనానికి వచ్చే ఫుప్పా, ఆయన వెంట చెప్పకుండా వచ్చే అతిథి. రోజంతా ఇతరులది. ఆ ఒక్క గంట మాత్రం ఆమెది. ఆ గంటలో ఆమె ఏమి చేసేవారో పాఠకులకు చెప్పాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. పెద్ద విశేషాలేమీ లేవని ముందే మనవి చేస్తున్నాము.

డాబా మీద పూలకుండీ అనదగినది ఒక్కటీ లేదు. పాత డాల్డా డబ్బాలు, అడుగు చిల్లిపడిన బకెట్లు, అంచు విరిగిన సిమెంటు తొట్టి ఒకటి. పుదీనా కట్టలో ఆకులు కోసుకోగా మిగిలిన కాడలను మనమంతా పారవేస్తాము. ఆమె వాటిలో ముదురు కాడలను ఏరి తడిమట్టిలో గుచ్చేవారు. కొద్దిరోజులకే వేళ్లు దిగేవి. ఒక మూల గోరింట. సిమెంటు తొట్టిలో గుండుమల్లె. చలికాలంలో దాని ఆకులు దూసి, కొమ్మలు కత్తిరించి, కొన్నాళ్లు నీరు కూడా తగ్గించేవారు. చిన్నతనంలో మాకది క్రూరంగా తోచేది. ఎండలు ముదిరేసరికి కత్తిరించిన కొమ్మల నుండి క్రొత్త రెమ్మలు వచ్చి మొగ్గ తొడిగేవి. మల్లె క్రొత్త రెమ్మకే పూస్తుంది, పాత కొమ్మను ఎంత బుజ్జగించినా లాభం లేదని ఆమె మాకు చెప్పిన వృక్షశాస్త్రం.

రెండవది క్రోషియా. ఒక సూది, ఒక దారపు ఉండ, ఇంతకుమించి సరంజామా అక్కరలేదు. టోపీ నడినెత్తి దగ్గర చిన్న గొలుసు వలయంతో మొదలవుతుంది. వరుస వరుసకూ కుట్లు పెంచుకుంటూ పోతే పళ్లెంలా చదునుగా విచ్చుకుంటుంది. తలకు సరిపడిన వెడల్పు రాగానే పెంచడం ఆపాలి. అప్పుడు అంచు క్రిందికి దిగుతుంది. పెంచవలసినచోట పెంచకపోతే గిన్నెలా ముడుచుకుంటుంది, అవసరానికి మించి పెంచితే అంచు అలలు అలలుగా తిరుగుతుంది. మరొక సంగతి కూడా ఉంది. అల్లిక ఎంత పెద్దదైనా సూదిమీద నిలిచి ఉండేది ఒకే ఒక్క ఉచ్చు. సూది తీసి దారం లాగితే గంటల పని నిమిషంలో విడిపోతుంది. ఒక్క కుట్టు తప్పిందని అలా విప్పివేయడం మేము లెక్కలేనన్నిసార్లు చూశాము.

“ఆ ఒక్క కుట్టు ఎవరికి కనబడుతుంది?” అని ఫుప్పా నవ్వేవారు.

“నాకు కనబడుతోంది కదండీ” అనేవారు ఫుప్పీ.

మూడవది ఒక నోటుపుస్తకం. పుట్టినింట ఆమె ఉర్దూ చదువుకున్నారు. తెలుగు మాటలాడడం వచ్చినా చదవడం రాదు. పెద్దకొడుకును బడిలో వేసిన ఏడు, వాడి వాచకం ముందు పెట్టుకొని తానూ అక్షరాలు దిద్దారు. గొప్ప ఆశయమేదీ లేదు. ఆర్టీసీ బస్సు బోర్డును ఎవరినీ అడగకుండా చదువుకోవాలన్నదే కోరిక. ఆ నోటుపుస్తకాన్ని ఒకవైపు నుండి తెరిస్తే ఉర్దూ, తిరగవేసి రెండవవైపు నుండి తెరిస్తే తెలుగు. ఉర్దూ వైపు వంటల కొలతలు, చిట్కా వైద్యాలు, ఎవరికి ఏ ఏడు ఎన్ని టోపీలు అల్లి ఇచ్చిందీ ఉండేవి. తెలుగు వైపు బస్సు బోర్డులు, దుకాణాల పేర్లు, పత్రికలలో నచ్చిన వాక్యాలు. ఒక పుట నిండా ‘ఎమ్మిగనూరు’ అని వ్రాసి ఉండడం మాకు గుర్తు. ఆ ‘మ్మి’ ఒక పట్టాన కుదరలేదట. ఏళ్లు గడిచేకొద్దీ రెండు వ్రాతలూ పుస్తకం నడుమకు చేరుకుంటూ వచ్చాయి. ఏ పుటలో కలుస్తాయో చూడాలని ఆమె ఎంతో వేడుకగా ఎదురుచూస్తుండేవారు.

అవి కలవలేదు. 2009 అక్టోబరు 2, శుక్రవారం. తుంగభద్రా హంద్రీ రెండూ పొంగి పాతబస్తీ మీదికి వచ్చాయి. రంజాన్ పండుగ గడిచి రెండు వారాలైనా కాలేదు. ఇంటివారంతా పొరుగింటి పై అంతస్తుకు చేరి, అల్లాహ్ దయవలన ప్రాణాలు దక్కించుకున్నారు. నీరు తీసిన తరువాత ఇంటినిండా బురద. దుకాణంలో బస్తాలు ఉబ్బి పగిలి, నానిన బియ్యం పులిసిన వాసన. ఒంటి అంతస్తు ఇల్లు కనుక డాబాను కూడా నీరు వదలలేదు. డబ్బాలు, బకెట్లు కొట్టుకుపోయాయి, బరువు వలన సిమెంటు తొట్టి ఒక్కటి నిలిచింది. ఇనుప ట్రంకులో ఉన్న నోటుపుస్తకం బురదలో బురదయిపోయింది.

పరామర్శకు వచ్చిన వారందరూ బియ్యం ఎంత పోయింది, బీరువా ఏమైంది, ఫ్రిజ్ పనిచేస్తుందా అని అడిగారు. నోటుపుస్తకం సంగతి ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదని సిగ్గుతో ఒప్పుకుంటున్నాము. నష్టాల జాబితా వ్రాసుకున్నప్పుడు అది ఏ వరుసలోనూ చేరలేదు. ట్రంకు అడుగున దొరికిన క్రోషియా సూదిని ఆమె బూడిదతో తోమి తుప్పు వదిలించారు. దారం కొనే రోజులు కావవి. ఖాళీ బస్తాల మూతులు కుట్టిన నూలు దారాన్ని విప్పి, ఉతికి, ఎండబెట్టి, ముడివేసి ఉండ చుట్టారు. ఇంటిలో ఇంకా గోడల తేమ ఆరలేదు. ఆమె మాత్రం అస్ర్ కాగానే డాబా మెట్లెక్కి, ఖాళీ డాబామీద సిమెంటు తొట్టి ప్రక్కన కూర్చున్నారు. ఇల్లంతా ఇలా ఉంటే ఈమెకు అల్లికలా అని ఒకరిద్దరు గొణిగారు. ఆ రోజులలో ఆ గొణుగుడు మాకు న్యాయంగానే తోచింది.

మేము చేసిన అసలు తప్పు ఆ తరువాతిది. వాట్సాప్ వచ్చిన కాలంలో మాలో ఒకరు ఆమె టోపీలను ఫోటోలు తీసి నాలుగు గ్రూపులలో పెట్టారు. రంజాన్‌కు ముందు నలభై టోపీలకు ఆర్డరు వచ్చింది. మేము పొంగిపోయాము. ఆమె నలభై అల్లి ఇచ్చారు, డబ్బు కూడా వచ్చింది. పండుగ గడిచాక సూది సంచిలోనే ఉండిపోయింది. నెలలు గడిచినా బయటికి రాలేదు. ఎందుకని అడిగితే, “డాబా ఎక్కితే గిరాకీలు కూడా నా వెంట మెట్లెక్కి వస్తున్నారురా” అన్నారు.

ఈ మాట వ్రాసేటప్పుడు మాకు నరసాపురం గుర్తుకు వస్తుంది. ఆ ప్రాంతంలో తరతరాలుగా వేలాది స్త్రీలు ఇళ్లలో కూర్చుని క్రోషియా లేసు అల్లుతున్నారు. జర్మనీకి చెందిన మరియా మీస్ వారి జీవితాలను దగ్గరగా చూసి 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. ఆ లేసు దేశదేశాలకు ఎగుమతి అవుతున్నా, అల్లేవారిది గృహిణుల తీరికపని అన్న పేరుతో కూలి ఎంత తక్కువగా ఇస్తున్నారో ఆమె చూపించారు. అక్కడ కడుపుకోసం చేసే పనిని తీరికపని అన్నారు. దానికి న్యాయమైన కూలి దక్కాలి, అందులో సందేహం లేదు. మేము చేసినది వేరు. తీరికవేళ ఆమె సంతోషం కోసం చేసుకునేదానికి ధర కట్టి, గడువు పెట్టి, దానిని ఆమె చేతినుండి తీసేశాము.

స్త్రీ చేతిపనికి మన చరిత్రలో గొప్ప గౌరవం ఉంది. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) తోళ్లు పదునుచేసి, కుట్టుపని చేసి, వచ్చినదానిని దానం చేసేవారు. మేము తరచు ఈ ఉదాహరణతోనే ఆగిపోతాము. స్త్రీకి ఇష్టమైనది ఏదైనా ఉంటే అది సంపాదనకో, సేవకో పనికివస్తేనే మన మనసు కుదుటపడుతుంది. కాని హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మల సంగతి ఏమిటి? వాటి మధ్య రెక్కల గుర్రం బొమ్మ ఒకటి ఉండేదని అబూ దావూద్ గ్రంథంలోని హదీసు చెబుతోంది. గుర్రానికి రెక్కలా అని దైవప్రవక్త (స) అడిగారు. సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె ఎదురడిగారు. ఆయన దంతాలు కనబడేలా నవ్వారు. అబిసీనియావారు మస్జిదులో బల్లెములతో ఆడుతుంటే, ఆమె తనివితీరా చూసి చాలించేవరకు ఆయన ఆమెకు అడ్డుగా నిలబడే ఉన్నారు. ఆ బొమ్మల వలన ఎవరికీ పూట గడవలేదు. అవి ఎందుకని ఆయన అడగలేదు.

గత ఏడాది జనవరి మొదటివారంలో ఫుప్పా మరణించారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. డిసెంబరులో ఆయన కోసం మొదలుపెట్టిన టోపీ అప్పటికి సగమే అయింది. జనాజా లేచిన సాయంత్రం ఆమె సూది బయటికి తీసి, విడిపోకుండా ఆ ఒక్క ఉచ్చుకు పిన్నీసు గుచ్చి సంచిలో పెట్టడం మాలో ఒకరు చూశారు.

ఇద్దత్ మొదలైంది. బఖరా సూరాలో అల్లాహ్ నిర్ణయించిన గడువు నాలుగు మాసాల పది దినాలు. సుర్మా లేదు, అత్తరు లేదు, గోరింట లేదు, రంగుల అలంకారం లేదు. వీటిని ఆమె ఎవరూ చెప్పకముందే పాటించారు. కాని బంధువులు ఇంకా చాలా చేర్చారు. ఆకాశం చూడరాదట, చీకటిగదిలోనే ఉండాలట, డాబా అసలే ఎక్కరాదట. ఆమె ఎదురు చెప్పలేదు. ఇరవై రోజులు గదిలోనే కూర్చున్నారు, భోజనం సగమయింది, మాట తగ్గింది. పెద్దకొడుకు చూడలేక మస్జిదుకు వెళ్లి ఇమాము గారిని అడిగాడు. ఆయన ముందుగా, “మీ డాబా మీ ఇంటిది కాదా?” అని అడిగారట. అలంకారం, సుగంధం విడిచి తన ఇంటిలో ఉండవలసిన స్త్రీకి వెలుతురూ గాలీ ఎవరు నిషేధించారు అన్నారట.

సహీహ్ ముస్లింలో ఒక హదీసు ఉంది. హజ్రత్ జాబిర్ (రజి) గారి పినతల్లి విడాకుల ఇద్దత్‌లో ఉండగా తన ఖర్జూరపు పండ్లు కోసుకోవడానికి బయలుదేరారు. ఒక వ్యక్తి ఆమెను మందలించాడు. ఆమె దైవప్రవక్త (స) వద్దకు వెళ్లగా, వెళ్లి నీ పండ్లు కోసుకో, దానమో మరేదైనా మేలో చేయగలవేమో అని ఆయన సెలవిచ్చారు. అది విడాకుల గడువు, భర్త మరణించిన స్త్రీ నియమాలు వేరని మేము ఎరుగుదుము. అయినా ఇద్దత్‌లో ఉన్న స్త్రీకి ఒక తోట ఉందని, దాని పనిమీద ఆమెకు ధ్యాస ఉండవచ్చునని ఆ హదీసు మాకు గుర్తుచేసింది.

ఇరవైయొకటవ రోజున అస్ర్ తరువాత ఆమె డాబా మెట్లెక్కారు. టీ గ్లాసు లేదు, సంచి లేదు. నీళ్లచెంబు మాత్రం ఉంది. మార్చిలో మల్లె విరగబూసింది. పూలు కోస్తే వేళ్లకు వాసన అంటుతుందని ఆమె మొగ్గను ముట్టలేదు. దూరంగా కూర్చుని ఏ మొగ్గ కోయాలో మాకు చెప్పేవారు. మాలో నలభైయేళ్లు దాటినవారు కూడా ఆ వేసవిలోనే మొదటిసారి పూలు కట్టడం నేర్చుకున్నారు. ముడి వదులైతే ఆమె ఉన్నచోటి నుండే పట్టేసేవారు. “అది జారిపోతుంది, విప్పి మళ్లీ కట్టండి.” కట్టిన మూరలు పొరుగిళ్ల ఆడపిల్లలకు వెళ్లేవి.

మే నెల మధ్యలో గడువు ముగిసింది. పిన్నీసు తీసి, నాలుగు సాయంత్రాలలో టోపీ పూర్తిచేశారు. కొలత ఫుప్పాది. పెద్దకొడుకుకు బిగుతు, చిన్నవాడికీ బిగుతే, తొమ్మిదేళ్ల మనుమడికి కనుబొమల మీదికి జారుతుంది. వాడు దానినే పెట్టుకొని జుమాకు వెళుతున్నాడు, రుకూకు వంగినప్పుడల్లా ఒక చేత్తో పట్టుకుంటున్నాడు.

వరద తరువాత కొన్న క్రొత్త నోటుపుస్తకం కూడా ఇప్పుడు చివరికి వస్తోంది. మొన్న వెళ్లినప్పుడు ఆమె నీళ్లు పోస్తుండగా మేము చాటుగా లెక్కించాము. ఉర్దూకూ తెలుగుకూ నడుమ పందొమ్మిది తెల్ల పుటలు మిగిలాయి. ఆమె చూసి పుస్తకం లాక్కున్నారు. మగ్రిబ్‌కు ఇంకా చాలా పొద్దుంది, మీరు క్రిందికి వెళ్లండి అన్నారు.