స్వల్పవ్యయమున విదేశయాత్ర

విదేశయాత్ర యనగానే అది ధనికుల విలాసమని మన జిల్లాలలో పెక్కుమంది తలంతురు. కాని శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములనుండి సముద్రము దాటినవారిలో అధికసంఖ్యాకులు బీదలే. 1942 వఱకు కళింగపట్నము, బారువ, భీమునిపట్నము, విశాఖపట్నము రేవులనుండి రంగూనుకు పొగయోడలు పోవుచుండెను. మనవారు డెక్కు టిక్కెట్టుతో, చాపయు మూటయు చేతబట్టుకొని, ఎండకును వానకును ఓర్చి ప్రయాణము చేయుచుండిరి. పాశ్చాత్య యువకులు నేడు వీపున సంచి తగిలించుకొని తిరుగుటను గొప్ప క్రొత్త విద్యగా చెప్పుకొందురు గాని, మన తాతలకది యెఱుగని పని కాదు.

వారి లెక్కలో ఒక్క కొఱత యుండెను. అది తెలివితక్కువవలన గాక పేదఱికమువలన కలిగినది. ఓడ ఖర్చును మేస్త్రీ అప్పుగా నిచ్చుచుండెను. రంగూనులోని బియ్యపు మిల్లులలోను రేవులోను చేసిన కూలిలోనుండి ఆ బాకీని విఱుగగోసుకొనుచుండెను. పోవుటకు పైకము చేతికి వచ్చెను గాని, తిరిగి వచ్చుటకు కావలసిన పైకము ఇంకను సంపాదింపవలసిన కూలిలోనే యుండెను. 1941 డిసెంబరు 23వ తేదీని రంగూనుపై జపానువారి బాంబులు పడెను. ఓడ టిక్కెట్టు దొరకనివారును, కొనలేనివారును అరకాను కొండలమీదుగాను, తాము దారిని మణిపురముమీదుగాను కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. లక్షలకొలది నడచిన ఆ దారులలో ఆకలిచేతను, కలరాచేతను పడిపోయినవారెందఱో కలరు. ఓడలు దొరకని ఆ దినములలో పైకమున్నవారికిని కష్టమే; లేనివారికి ఇక ఏ దారియు లేకపోయెను.

కావున యాత్రకు లెక్క వ్రాయువారు కాగితముపై మొదటి పంక్తిలో తిరుగు ఖర్చును వ్రాయవలెనని మేము చెప్పుచున్నాము. పోవు ఖర్చు రెండవది. చూడవలసిన వింతలు, కొనవలసిన వస్తువులు అటుపిమ్మట.

ఈ పద్ధతిని నేపాళమునకు అన్వయించి చూతము. మన విద్యార్థులకు నేపాళమే మొదటి పరదేశముగా తగినదని మా యభిప్రాయము. భూటానుకును మనకు వీసా లేదు గాని, అచ్చట ప్రతి రాత్రికి 1,200 రూపాయల ప్రభుత్వ రుసుము కలదు. నేపాళమున అట్టిది లేదు. వీసా అక్కఱలేదు. పెద్దలు పాస్‌పోర్టునైనను ఓటరు గుర్తింపు కార్డునైనను చూపిన చాలును. ఆధారుకార్డు మాత్రము వారికి పనికిరాదు. పదునైదేండ్లకు లోపలి పిల్లలకు ఫొటో గల ఇతర గుర్తింపు పత్రము సరిపోవును. పదునైదు మొదలు పదునెనిమిదేండ్లవఱకు గలవారికి, నిర్ణీతమైన నమూనాలో పాఠశాల ప్రధానోపాధ్యాయుడు వ్రాసియిచ్చు ధ్రువపత్రము చెల్లును. ఉన్నత తరగతుల విద్యార్థులు దీనిని గుర్తుంచుకొనవలెను. అయినను ముందునాటికి పాస్‌పోర్టు తీసికొనుట మంచిదే. పదేండ్లు చెల్లునట్టి 36 పుటల పుస్తకమునకు పెద్దలకు 1,500 రూపాయలు, పదునెనిమిదేండ్లలోపువారి సాధారణ పాస్‌పోర్టునకు 1,000 రూపాయలు.

మార్గము సులభము. శ్రీకాకుళం రోడ్డు స్టేషనునుండి హౌరాకు సుమారు 750 కిలోమీటర్లు. విజయనగరమునుండి అంతకు డెబ్బది కిలోమీటర్లు హెచ్చు. హౌరాలో రక్సౌలు రైలెక్కి, అచ్చట దిగి, ఎల్లదాటి బీర్గంజి చేరి, బస్సుపై కొండలెక్కిన కాఠ్మాండూ వచ్చును. 2024 నవంబరు 1వ తేదీనుండి రైలు రిజర్వేషను ప్రయాణమునకు అఱువది దినములు ముందుగా మొదలగుచున్నది. తిరుగు టిక్కెట్టునకు గడువు ప్రారంభమైన దినముననే దానిని కొనవలెను. అది చేతనున్న, మిగిలిన పొరపాట్లన్నియు ఓర్చుకొనదగినవే.

ఇంటినుండి 15,000 రూపాయలు లభించినవనుకొందము. ఈ యంకె లెక్క తీరును చూపుటకే. తిరుగు దారికి భోజనముతో సహా 2,500 వేఱుచేసి, దానిని వేఱొక సంచిలో కుట్టుకొనుడు. జ్వరము, దారి మూతపడుట మొదలగువానికి 3,000. పోవు దారికి 2,500. ఇక నిలిచినవి 7,000. ఏడు దినములకు దినమునకు వేయి రూపాయలు. 1993 నుండి భారతీయ రూపాయకు నేపాళ రూపాయ 1.60 చొప్పున స్థిరముగా నున్నది గనుక, అది నేపాళ నాణెమున దినమునకు 1,600 అగును. పడకకు సగము, భోజనమునకు మూడవ వంతు, మిగిలినది బస్సులకును ప్రవేశ రుసుములకును సరిపెట్టుకొనవలెను. అన్నపూర్ణ పర్వతప్రాంతమున నడువదలచినవారికి ప్రవేశ రుసుము ఇతర విదేశీయులకు 3,000 నేపాళ రూపాయలు కాగా, సార్కు దేశముల వారమైన మనకు 1,000 మాత్రమే, అనగా 625 భారతీయ రూపాయలు.

భోజన విషయమున భయపడనక్కఱలేదు. దాల్‌భాత్ అను వారి భోజనమున అన్నము, పప్పు, కూర మరల మరల వడ్డింతురు. దానికి వేఱు వెల లేదు. మన అన్నము తిను పిల్లలకిది వరము. దారిలో తినుటకు అటుకులు, బెల్లము, వేయించిన చోడిపిండి సంచిలో నుండిన, స్టేషను అంగళ్లలో చేయు వ్యర్థవ్యయము తప్పును. పలాసమీదుగా పోవుదుము గదా యని జీడిపప్పు కొనువారుందురు. మంచిదే గాని లెక్కలో వ్రాసి కొనవలెను.

నోట్ల విషయము కొంత చిక్కైనది. 2018 డిసెంబరున నేపాళ ప్రభుత్వము నూఱు రూపాయలకు మించిన మన నోట్లను నిషేధించెను. అటుపిమ్మట సడలింపులు వచ్చినవి గాని, బయలుదేరుటకు ముందు నాటి నియమమును విచారించి తెలిసికొనవలెను. నూఱు రూపాయల నోట్లు తీసికొనిపోయిన చిక్కు లేదు. పరదేశమున పైకమంతయు ఒకే జాతి నోట్లలో నుంచుట యెంత ప్రమాదమో మన బర్మావారెఱుగుదురు. 1964 మే నెలలో అచ్చటి ప్రభుత్వము 50, 100 చాట్ల నోట్లను రద్దుచేసినపుడు, ఎన్నో యేండ్ల కూడబెట్టు సొమ్ము కాగితమై పోయినది.

కాలనిర్ణయమును గుఱించి తలిదండ్రులకు ఒక మాట. వానకాలమున నేపాళపు కొండదారులు విఱిగిపడుట కలదు; 2024 సెప్టెంబరు చివర కురిసిన వానలకు కాఠ్మాండూ చేరు దారులు తెగి, బస్సులు మట్టిక్రింద పూడి పలువురు మృతినొందిరి. దసరా సెలవులలో వాన తగ్గును గాని, అదియే వారికి దశైన్ పండుగ. ఊళ్లకు పోవువారితో బస్సులు నిండియుండును. వేసవి సెలవులలో మే మాసమే మేలని మాకు తోచుచున్నది. ఏ మాసమైనను, రక్సౌలులో రైలెక్కవలసిన దినమునకు ఒక దినము ముందుగానే బీర్గంజి చేరునట్లు ఏర్పాటు చేసికొనుడు. చేతమిగిలిన నేపాళపు నోట్లను అచ్చటనే మార్చుకొనవచ్చును. హౌరాలో నవి చెల్లవు.