వాయేజర్ వినిపించిన ఆకాశము

రాత్రివేళ దూరపు స్టేషనును పట్టుకొనగోరి మన యింటి రేడియో ముల్లును మెల్లమెల్లగా త్రిప్పుచుందుము. గరగర ధ్వని నడుమ ఎక్కడనో యొక సన్నని కంఠము వినవచ్చును. ముల్లు వెండ్రుకవాసి జరిగెనా, అది మాయమగును. అచ్చట ప్రసారము చేయువారి శక్తి వేలకొలది వాట్లు. నడుమ దూరము కొన్ని వందల కిలోమీటర్లు. అయినను మనకీ శ్రమ తప్పదు. అట్టిచో, చిన్న దీపమునకు చాలునంత, అనగా సుమారు 20 వాట్ల శక్తితో, 2,400 కోట్ల కిలోమీటర్ల దూరమునుండి ఒక యంత్రము పలికినచో మానవులు వినగలరా? 2024లో విన్నారు. పలికినది వాయేజర్-1 అను అమెరికా వ్యోమనౌక.

గ్రహములనుగూర్చిన క్రొత్త సంగతులనగానే మనకు రంగురంగుల ఛాయాచిత్రములు తలపునకు వచ్చును. వానిని మోసి తెచ్చినది రేడియో తరంగమే. అంతియ గాదు. కొన్ని వేళల ఆ తరంగము వార్తాహరుడుగా నుండుటతో ఆగక, తానే కన్నై, తానే కొలబద్దయై పనిచేసినది. ఈ సంగతినే మేమిక్కడ కొంత వివరింపదలచితిమి.

గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్ అను నాలుగు గ్రహములును, ఒకే నౌక వరుసగా చూచి పోవుటకు అనువైన స్థానములకు సుమారు 176 సంవత్సరముల కొకసారి మాత్రమే వచ్చును. అట్టి యవకాశము 1970 తరువాతి దశకమున లభించినది. 1977 ఆగస్టు 20న వాయేజర్-2, సెప్టెంబరు 5న వాయేజర్-1 బయలుదేరినవి. పరుగెత్తు బండి కొయ్యను పట్టుకొని కొంతదూరము సాగి, వేగమందుకొని విడిచిన బాలునివలె, ఈ నౌకలు ఒక గ్రహము ఆకర్షణవలన వేగము పొంది తరువాతి గ్రహమునకు సాగినవి.

నౌక చిత్రమును భూమికి పంపు విధానమిది. చిత్రమును 800 వరుసలుగను, ఒక్కొక్క వరుసను 800 చుక్కలుగను విభజించి, ప్రతి చుక్క యొక్క వెలుగును ఒక సంఖ్యగా మార్చును. ఆ సంఖ్యలే రేడియోలో వచ్చును. ఇక్కడివారు వానిని మరల చుక్కలుగా పేర్చుకొందురు. 1979 మార్చి 8న నౌక మార్గమును సరిచూచుకొనుటకై తీసిన యొక చిత్రమును లిండా మొరబిటో అను ఇంజనీరు పరీక్షించుచుండగా, గురుని ఉపగ్రహమగు అయో అంచున గొడుగువంటి మేఘమొకటి కనబడెను. అది మండుచున్న అగ్నిపర్వతపు పొగ. భూమికి వెలుపల రగులుచున్న అగ్నిపర్వతమును మానవులు చూచుట అదియే మొదలు. గురుని ఆకర్షణ ఒకవైపు, తోడి యుపగ్రహముల ఆకర్షణ వేరొకవైపు లాగుటచే అయో నిరంతరము పిసుకబడి లోన వేడెక్కును. ఇట్లగునని ముగ్గురు శాస్త్రజ్ఞులు కొలదిదినములకు ముందే ప్రకటించియుండిరి.

ఇక తరంగమే కన్నైన కథ. శనిగ్రహపు పెద్ద యుపగ్రహము టైటన్. 1980 నవంబరు 12న వాయేజర్-1 దానిని సమీపించెను. కాని దట్టమైన నారింజవన్నె పొగమంచు కప్పియుండుటచే కెమేరాకు నేల కానరాలేదు. అప్పుడు నౌక టైటన్ వెనుకకు పోవుచు, తన రేడియో తరంగమును టైటన్ వాయుమండలము గుండా భూమికి పంపెను. నీటిలో ముంచిన కర్ర వంగినట్లు కనబడుటకు కారణమేదో, ఈ తరంగము వంగుటకును అదియే. అది యెంత వంగినదో, ఎంత క్షీణించినదో లెక్కించి, నేలయొద్ద వాయుపీడనము భూమిమీదికన్న ఒకటిన్నర రెట్లనియు, చలి సున్నకు దిగువ సుమారు 180 డిగ్రీలనియు తెలిసికొనిరి. ఆ వాయువులో అధికభాగము నత్రజని.

ఈ జ్ఞానమునకు మూల్యము చెల్లింపవలసివచ్చెను. టైటన్ చెంతకు పోవు మార్గము నౌకను గ్రహముల తలమునుండి పైకి విసరివేసినది. మరి యే గ్రహమును అది చూడజాలదు. వాయేజర్-1 విఫలమైయుండినచో వాయేజర్-2ను టైటనువైపు మరల్చి, యురేనస్ నెప్ట్యూనులను వదలుకొనవలెనని నిర్ణయించియుండిరి. అట్లు కాకపోవుట మన యదృష్టము. ఆ రెండు గ్రహములను దరిజేరి చూచిన నౌక వాయేజర్-2 తప్ప వేరొకటి లేదు.

దూరము రెండింతలైనచో తరంగబలము నాలుగవ వంతునకు పడిపోవును. కావున నౌక దూరమైనకొలది భూమిమీది చెవిని పెంచవలసివచ్చెను. కాలిఫోర్నియాలోను, స్పెయిను దేశపు మాడ్రిడ్ సమీపమునను, ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా సమీపమునను గల పెద్ద గిన్నెవంటి ఆంటెన్నాలను 64 మీటర్ల వెడల్పునుండి 70 మీటర్లకు విస్తరించిరి. గ్రాహకయంత్రము తనంతట తాను చేయు గరగర తగ్గుటకై దానిని మిక్కిలి చల్లబరతురు. 1989 ఆగస్టు 25న నెప్ట్యూను దర్శనమునకు ఇతర దూరదర్శినులను గూడ జతపరచిరి. గంటకు 2,000 కిలోమీటర్ల వేగముతో వీచు గాలులును, అతిశీతలమగు ట్రైటన్ అను ఉపగ్రహమునుండి పైకి చిమ్ము ధారలును అట్లు మనకు తెలిసినవి.

గ్రహములు ముగిసినను వినుట ముగియలేదు. సూర్యునినుండి విద్యుత్కణముల గాలి యొకటి నలుదెసల వీచుచుండును. అది నక్షత్రముల నడిమి వాయువునకు తావిచ్చు సరిహద్దు ఎక్కడ? ఆ కణముల సాంద్రతను నేరుగా కొలుచు పరికరము వాయేజర్-1లో 1980లోనే చెడిపోయెను. అయినను సూర్యునిలో పుట్టిన పెనుప్రేలుడు తాకిడికి 2013 ఏప్రిల్‌లో నౌక చుట్టునున్న కణములు కంపించెను. నౌకకున్న ఆంటెన్నా ఆ కంపనమును వినెను. దాని పౌనఃపున్యము సెకనుకు సుమారు 2,600. స్పీకరులో పెట్టినచో మన చెవులకు ఈలవలె వినబడును. తీగ బిగువును బట్టి శ్రుతి మారునట్లు, కణముల సాంద్రతను బట్టి ఈ శ్రుతి మారును. దానిని బట్టి లెక్కింపగా, అచ్చటి సాంద్రత సరిహద్దు లోపలికన్న 40 రెట్లకు మించినదని తేలెను. నౌక 2012 ఆగస్టు 25ననే ఎల్లను దాటి నక్షత్రముల నడిమి ప్రదేశమున ప్రవేశించినదని ఇట్లు నిశ్చయించిరి. వాయేజర్-2 కూడ 2018 నవంబరు 5న ఆ యెల్లను దాటెను.

2023 నవంబరులో వాయేజర్-1 పలుకు అర్థము లేనిదయ్యెను. తరంగము వచ్చుచునే యున్నది; అందు మాటలేదు. లోపమెక్కడనో వెదకుటకు నెలలు పట్టెను. ప్రశ్న నౌకను చేరుటకు ఇరువది రెండున్నర గంటలు. సమాధానము వచ్చుటకు మరల అంతకాలము. తుదకు జ్ఞాపకయంత్రములోని ఒక చిన్న భాగము పాడైనదని గ్రహించి, అందలి ఆదేశములను ముక్కలుగా విడదీసి మిగిలిన చోటులలో సర్దిరి. 2024 ఏప్రిల్ 20న నౌక మరల తెలియునట్లు పలికెను.

ఈ పలుకు శాశ్వతము కాదు. ప్లుటోనియము వేడిమినుండి పుట్టు విద్యుత్తు బయలుదేరునాడు 470 వాట్లు. ఏటేటా సుమారు 4 వాట్లు తగ్గుచు వచ్చినది. అందువలన పరికరములను ఒక్కొక్కటిగా ఆర్పివేయుచు వచ్చిరి. ఒకనాడు ప్రసారయంత్రమునకే శక్తి చాలకపోవును. పిమ్మట నౌకలు సాగుచునే యుండును. మనకు మాత్రము వినబడవు.

అయినను వానిలో వినదగినది మరియొకటి కలదు. ఒక్కొక్క నౌకపై బంగారుపూత పూసిన రాగి గ్రామఫోను పళ్లెమును అమర్చిరి. అందు కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి రాగ గీతమున్నది. 55 భాషలలో భూలోకవాసుల శుభాకాంక్షలున్నవి. వానిలో మన తెలుగుపలుకు గూడ నున్నది. దానిని మోయుటకు విద్యుత్తు అక్కరలేదు. రాత్రి రేడియో ముల్లు త్రిప్పునపుడు గరగర నడుమ ఏ సన్నని స్వరమైన వినబడినచో, మన పలుకును మోయుచు పోవు ఆ నౌకలను శ్రోతలొకసారి తలచుకొందురుగాక.