అయిదుగురిలో ఒకడు కిమ్

నేను బడిపంతులుగా ఉన్న రోజులలో ఒక తరగతిలో నలుగురు సత్యనారాయణలు ఉండేవారు. హాజరు పిలిచేటప్పుడు ఇంటిపేరు కూడా చేర్చి పిలిస్తే గాని ఎవరు పలకాలో వాళ్ళకు తెలిసేది కాదు. కొరియా దేశపు బడిలో ఈ ఉపాయం పారదు. అక్కడా మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత. కాని "కిమ్!" అని పిలిస్తే తరగతిలో అయిదోవంతు మంది ఒక్కసారే లేచి నిలబడతారు!

2015 జనాభా లెక్కలలో దక్షిణ కొరియాలో కిమ్ అనే ఇంటిపేరుగలవారు 1 కోటి 6 లక్షలకు పైగా తేలారు. అంటే నూటికి 21 మంది. చిరునామా లేకుండా మనిషిని వెదకబోయేవాణ్ణి చూసి, "సియోల్‌లో కిమ్‌గారిని వెదికినట్టుంది" అని అక్కడివారు నవ్వుతారు.

కిమ్‌ను రాసే చీనా అక్షరానికి బంగారం అని అర్థం. దీనికొక కథ ఉన్నది. పూర్వం సిల్లా రాజ్యంలో ఒక రాత్రి అడవిలో కోడి కూత వినిపించిందట. రాజభటులు వెళ్ళి చూస్తే చెట్టు కొమ్మకు బంగారు పెట్టె వేలాడుతున్నది, కింద తెల్లకోడి కూస్తున్నది. పెట్టెలో చక్కని మగపిల్లవాడు! బంగారు పెట్టెలో దొరికాడు గనక వాడికి కిమ్ అని ఇంటిపేరు పెట్టి రాజు పెంచుకున్నాడు. వాడి వంశంవారే తరవాత సిల్లాను ఏలారు.

మరో శాఖవారిది గిమ్‌హే అనే ఊరు. వారి మూలపురుషుడు సురో రాజు బంగారు గుడ్డులోంచి పుట్టాడట. ఆయన రాణి "అయుత" దేశంనుంచి ఓడలో వచ్చిందని వారి పాత గ్రంథం చెబుతుంది. అది మన అయోధ్యే అని కొందరి నమ్మకం. 2001లో సరయూ తీరాన ఆమెకు స్మారకం కూడా కట్టారు. చరిత్రకారులలో చాలామంది దీన్ని కథగానే చూస్తారు.

మరి కోటిమందీ రాజుల మనమలేనా? కాదు. ఒకప్పుడు ఇంటిపేరు రాజులకూ ప్రభువులకూ మాత్రమే ఉండేది. బానిసకు ఇంటిపేరెక్కడిది? కాలక్రమాన డబ్బు చేరిన సామాన్యులు కొందరు పెద్దింటి వంశవృక్షంలో చోటు కొనుక్కున్నారు. 1894లో పుట్టుకనుబట్టి వచ్చే హెచ్చుతగ్గులను రద్దు చేశారు. 1909లో ప్రతి ఇంటివారూ పేర్లు రిజిస్టరులో రాయించుకోవలసివచ్చింది. ఇంటిపేరు లేనివాడు ఏం చేస్తాడు? పిల్లలూ, మీరైతే ఏం చేస్తారు? నలుగురూ గౌరవించే పేరే పెట్టుకుంటారు గదా! కొందరు పాత యజమాని పేరే తీసుకున్నారు.

చిక్కు ఇక్కడే వచ్చింది. కొరియాలో ఇంటిపేరుతోపాటు మూలపురుషుడి ఊరు కూడా చెప్పుకుంటారు. దీన్ని బోన్‌గ్వాన్ అంటారు. మనకు గోత్రం ఎటువంటిదో వారికి అది అటువంటిది. ఇంటిపేరూ ఊరూ రెండూ కలిస్తే పెళ్ళి కూడదు. ఇది పాత ఆచారం. 1960నుంచి అమలైన పౌరచట్టంలో కూడా చేరింది. గిమ్‌హే కిమ్‌లే 44 లక్షల మంది! దేశానికి ఆ కొసనొకరూ ఈ కొసనొకరూ పుట్టి, ఏ చుట్టరికమూ లేని పిల్లా పిల్లవాడూ ఒకరినొకరు ఇష్టపడితే, "మీరే ఊరి కిమ్?" అన్న ఒక్క ప్రశ్నతో కథ ముగిసేది. తెగించి కాపురం పెట్టినా పెళ్ళి రిజిస్టరు కాదు. పుట్టిన బిడ్డలను చట్టరీత్యా దంపతుల పిల్లలుగా రాయించే వీలు లేదు. ఇటువంటివారి కోసం 1978, 1988, 1996లలో ఒక్కొక్క ఏడాది మాత్రం తలుపు తెరిచి మళ్ళీ మూశారు. చివరకు 1997 జూలైలో రాజ్యాంగ న్యాయస్థానం ఈ నిషేధం చెల్లదన్నది. 2005లో చట్టాన్నే మార్చి, నిషేధాన్ని దగ్గర బంధువులకు పరిమితం చేశారు.

మన దేశంలో సగోత్ర వివాహాన్ని చట్టం 1946లోనే ఒప్పుకున్నది. ఇంట్లో పెద్దలు ఒప్పుకోవడం వేరే సంగతి!

ఇంకొక్క మాట. కొరియాలో ఆడపిల్ల పెళ్ళయినా పుట్టింటి పేరు మార్చుకోదు. లీ వారి కోడలైనా కిమ్ అమ్మాయి కిమ్‌గానే ఉంటుంది. కిమ్‌ను కిమ్ చేసుకుంటే మాత్రం ఆ సంగతి ఎవరికీ తెలియదు.