“లోపల ఎంతమంది ఉన్నరు?”: ఒక సెక్యూరిటీ గార్డు నేర్చుకున్న లెక్క

“వాచ్‌మన్ పనికి గూడ ట్రైనింగ్ ఏందన్నా? కుర్చీల కూసునుడే గదా!”

మా కర్దనూర్‌లో చాయ్ హోటల్ దగ్గర ఒక తమ్ముడు ఈ మాట అంటే నేనూ నవ్వాను. అప్పటికి నా ఉద్యోగం పోయి ఏడు నెలలు. వయసు 36, చదువు పదో తరగతి, ఇద్దరు పిల్లలు. పదకొండేళ్లు ప్యాకింగ్‌లో పనిచేసిన కంపెనీ మూతపడింది. పటాన్‌చెరు చుట్టుపక్కల ఏ గేటు దగ్గరికి పోయినా ‘ఫోన్ చేస్తం’ అనేవాళ్లే.

చివరికి ఒక ఏజెన్సీ వాళ్లు యూనిఫాం డబ్బులు కట్టించుకుని, మరుసటి రోజే డ్యూటీకి పంపారు. శిక్షణ లేదు.

మూడో రాత్రి ప్యానెల్ బోర్డు నుంచి పొగ, ఆ వెంటనే మంట. నేను బకెట్ నీళ్లతో పరుగెత్తాను. ఎలక్ట్రీషియన్ అన్న చెయ్యి పట్టుకుని గుంజకపోతే ఇవాళ మీకు ఇది చెప్పేవాణ్ని కాదు. కరెంటు మంట మీద నీళ్లు పోయొద్దని నాకు తెలియదు. పక్కనే గోడకు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంది. దాని పిన్ను ఎలా తీయాలో కూడా తెలియదు.

ఆ పని మానేసి శిక్షణలో చేరాను.

20 రోజులు, 160 గంటలు

ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల కోసం 2005లోనే చట్టం వచ్చింది. గార్డు వయసు 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండాలి, శిక్షణ పూర్తిచేసి ఉండాలి. 2006 నాటి కేంద్ర నమూనా నిబంధనల ప్రకారం 100 గంటలు క్లాసు, 60 గంటలు ఫీల్డు. కనీసం 20 పనిదినాలు. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు మాత్రం తక్కువ: 40 గంటల క్లాసు, 16 గంటల ఫీల్డు.

కిలోమీటరు ఆరు నిమిషాల్లో ఉరకాలి. మొదటి రోజు సగం దూరంలోనే నా పని అయిపోయింది. ప్రథమ చికిత్స, మంటలార్పడం, గుంపును అదుపు చేయడం, గుర్తింపు కార్డులు పరిశీలించడం, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చే పద్ధతి... అన్నీ ఉన్నాయి. ఇంగ్లిష్ అక్షరాలు రాని ఒక పెద్దమనిషి నా పక్కన కూర్చుని రోజూ లారీల నంబర్లు రాస్తూ నేర్చుకున్నాడు.

ఆ రోజు రిజిస్టర్ క్లాసు

లోపలికి పోయిన మనిషి పేరు, టైమ్. బయటికి వచ్చిన టైమ్. సార్ ఇదే మళ్లీ మళ్లీ రాయిస్తుంటే విసుగొచ్చి గుసగుసలు మొదలుపెట్టాం.

“పాశమైలారం యాదికుందా?” అన్నారాయన. క్లాసంతా గప్‌చుప్.

మర్చిపోతామా? 2025 జూన్ 30న అక్కడి సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. ‘మావాళ్లు ఎక్కడ?’ అంటూ కుటుంబాలు తిరగడం మన జిల్లా అంతా చూసింది. మృతులను గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది.

“ఫైరింజన్ వాళ్లు వచ్చి లోపల ఎంతమంది ఉన్నరు అని అడుగుతరు. గేటు దగ్గర ఉన్నోడివి నువ్వే. ఏం చెప్తవ్?”

ఎవరం మాట్లాడలేదు. ఆ రోజు నుంచి నా రాత కూడా మారింది.

చేరేముందు ఇవి అడగండి

ఏజెన్సీకి రాష్ట్ర లైసెన్స్ ఉందా? దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేలా పెట్టాలి. శిక్షణ ఎన్ని గంటలు? మీ ఫొటోతో గుర్తింపు కార్డు ఇస్తారా? పీఎఫ్ కడతారా? జీతం 21 వేల లోపు ఉంటే ఈఎస్‌ఐ ఉంటుంది, నంబర్ అడిగి తీసుకోండి. జవాబు దాటేస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. నేను రాలేదు, అందుకే చెబుతున్నా.

ఇప్పుడు ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర నైట్ డ్యూటీ చేస్తున్నా. జీతం పాత కంపెనీ కంటే తక్కువే. కాంట్రాక్టర్ అప్పుడప్పుడు “మనోళ్లే అన్నా, పోనియ్” అని తొందరపెడతాడు. కోపం చేసుకున్నా సరే, పేరు రాసుకున్నాకే పంపుతా.

మొన్న చాయ్ హోటల్ దగ్గర ఆ తమ్ముడు మళ్లీ కలిశాడు. వాడికీ పని పోయిందట. “ట్రైనింగ్ ఎక్కడన్నా?” అని అడిగాడు.

ఈసారి ఇద్దరం నవ్వలేదు. అడ్రస్ చెప్పి, “పొద్దుగాల ఉరుకుడు ఇప్పట్నుంచే మొదలువెట్టు” అన్నాను.