ప్రింటులో మచ్చ ఎక్కడిది?

తమ్ముళ్లూ, ప్రాజెక్టు రిపోర్టు మీద నల్లమచ్చలు పడితే షాపువాళ్లు "కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాలి" అంటారు. డబ్బులిచ్చే ముందు స్కేలు పెట్టి చూడమంటాం మేము.

లోపలి రోలరు ఒక్క పేజీకే చాలాసార్లు తిరుగుతుంది. దెబ్బతిన్న చోటు చుట్టుకొకసారి కాగితానికి తగులుతుంది. అందుకే మచ్చకూ మచ్చకూ మధ్య దూరం ఆ రోలరు చుట్టుకొలతే. హెచ్‌పి 1020 ప్రింటర్లో వాడే 12ఎ కార్ట్రిడ్జ్‌లో సుమారు 75 మి.మీ.కు ఒక మచ్చ వస్తే డ్రమ్ము పోయినట్టు. ఎ4 పేజీ 297 మి.మీ. కనుక మూడు నాలుగు మచ్చలు కనిపిస్తాయి. 38 మి.మీ. అయితే డ్రమ్ముకు ఛార్జి ఇచ్చే రోలరు.

నిలువునా సన్నటి నల్లగీత పడితే డ్రమ్ము గీసుకుపోయిందో, దాన్ని తుడిచే వైపర్ బ్లేడు అరిగిందో చూడాలి. ఇవన్నీ విడిగా దొరుకుతాయి. వేలితో రుద్దితే అక్షరాలు రాలుతున్నాయా? కార్ట్రిడ్జ్ జోలికే పోవద్దు, ప్రింటర్లోని ఫ్యూజర్ చూపించండి.