కొట్టొద్దనే చట్టం, కొట్టమనే తల్లిదండ్రులు

"మాట వినకపోతే నాలుగు తగిలించండి సారూ" అని చెప్పి పిల్లాణ్ణి బడికి అప్పజెప్పే తల్లిదండ్రులు మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు బిడ్డ మీద ప్రేమ లేక కాదు. తమకు అబ్బని చదువు బిడ్డకైనా రావాలని, భయం లేకుండా అది రాదని వాళ్ల నమ్మకం. వీపు మీద వాత కనబడిన రోజు అదే తల్లి బడికొచ్చి నిలదీస్తుంది. అందుకే ముందు చట్టం ఏమంటుందో తెలుసుకోవాలి.

1966 నాటి రాష్ట్ర విద్యా నిబంధనల్లో 122వది కొన్ని హద్దుల్లో బెత్తానికి చోటిచ్చింది. 2002 ఫిబ్రవరి 18న జీవో నంబరు 16తో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని మార్చి, బడిలో కొట్టడాన్ని నిషేధించింది. దేశమంతటికీ వర్తించే విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది ఆ తర్వాత, 2010 ఏప్రిల్ 1న. దాని 17వ సెక్షన్ శారీరక శిక్షతోపాటు మానసిక వేధింపునూ నిషేధిస్తుంది. మీరిన టీచరు మీద సర్వీసు నిబంధనల ప్రకారం చర్య ఉంటుంది. "నేను చెయ్యి చేసుకోలేదు కదా" అంటే చెల్లదు. గోడకుర్చీ వేయించినా, ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టినా, తోటిపిల్లల ముందు కులాన్నో తండ్రి తాగుడునో ఎత్తిపొడిచినా తప్పే. ఈ చట్టం 14 ఏళ్ల వరకే. ఆపై వయసు హైస్కూలు పిల్లలకు రాష్ట్ర నిబంధన, జువెనైల్ జస్టిస్ చట్టంలోని 75వ సెక్షన్ ఆసరాగా ఉన్నాయి.

మరి దెబ్బలు ఆగాయా? ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన యంగ్ లైవ్స్ అధ్యయనం 2009లో మన పక్కనున్న కడపతో సహా ఉమ్మడి రాష్ట్రంలోని కొన్ని జిల్లాల పిల్లల్ని అడిగింది. ముందటి వారంలో టీచరు కొట్టారని ఎనిమిదేళ్ల పిల్లల్లో 78 శాతం మంది చెప్పారు. పదిహేనేళ్ల వాళ్లలో 34 శాతం మంది చెప్పారు. ఈ తేడా దగ్గర కాస్త ఆగుదాం. పెద్ద తప్పులు చేసే వయసు ఎనిమిదా, పదిహేనా? దెబ్బ నిజంగా క్రమశిక్షణ కోసమే అయితే ఈ లెక్క తిరగబడి ఉండాలి. ఎనిమిదేళ్లవాడు ఎదురు తిరగలేడు. నాకు తోచే కారణం అదొక్కటే.

ఎందుకు కొట్టారంటే పిల్లలు చెప్పేవి చిన్న సంగతులు: బడికి రాలేదు, నోటుబుక్కు లేదు, హోంవర్కు చేయలేదు. మన మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో వీటి వెనక కరువుంది. సంక్రాంతి దాటాక మిరపకాయ కోతలకని గుంటూరు, పల్నాడు వైపు కుటుంబాలు తరలిపోతాయి. చూసుకునేవాళ్లు లేక పిల్లలూ వెంట వెళతారు. తిరిగొచ్చేసరికి పాఠాలు ముందుకు పోయి ఉంటాయి. ఎక్కం అప్పజెప్పలేకపోయినందుకు ఆ పిల్లాడి అరచెయ్యి వాచిందంటే, వాన పడనందుకు వాడికి శిక్ష పడినట్టే.

టీచరు బాధ కూడా నిజమే. 2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలం పెంట గ్రామంలో ఓ హెడ్మాస్టరు, పిల్లలు చదువులో వెనకబడుతున్నా తాము ఏమీ చేయలేకపోతున్నామంటూ వాళ్ల ముందే సాష్టాంగపడి గుంజీళ్లు తీశారు. ఆ వీడియో రాష్ట్రమంతా చూసింది. ఆయన ఆవేదనకు నేను తల వంచుతాను. కానీ ఎవరో ఒకరు నొప్పి పడితేనే చదువొస్తుందన్న పాత నమ్మకం అందులోనూ ఉంది. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదు తరగతుల్నీ ఒక్కరే నడపాలి. రెండు నెలలు వలసపోయి వచ్చినవాడికి విడిగా పాఠం చెప్పే తీరిక ఆ టీచరుకు ఎక్కడిది? ప్రభుత్వం బెత్తాన్ని తీసేసింది, మంచిదే. ఆ తీరికను కూడా ప్రభుత్వమే ఇవ్వాలి. అదనపు టీచరును వేయాలి, వెనకబడినవాళ్లకు విడిగా తరగతులు పెట్టాలి.

బిడ్డకు దెబ్బ తగిలితే ముందు హెడ్మాస్టరుకు, ఆపైన ఎంఈవోకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 1098కి ఫోన్ చేసినా పలుకుతారు. వలస పిల్లల సంగతిని బడి యాజమాన్య కమిటీలో పెట్టండి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లుండాలి. సంక్రాంతికి ముందు జరిగే కమిటీ సమావేశంలోనే ఏయే ఇళ్లు కోతలకు వెళుతున్నాయో రాసిపెట్టి, పెద్దలు తిరిగొచ్చేదాకా ఆ పిల్లలు ఉండి చదువుకోవడానికి ఊళ్లోనే సీజనల్ హాస్టల్ తెరవాలని తీర్మానం చేసి మండల విద్యాశాఖకు పంపండి.